షోలాపురమున పుట్టి విశాఖతీరమున ఓడ కట్టించిన వాల్‌చంద్ హీరాచంద్

2011వ సంవత్సరమున మా మేనకోడలి వివాహమునకై విశాఖపట్టణము పోయియుంటిని. పెండ్లి ముగిసిన మఱునాడు ఓడరేవు ప్రాంతము చూడవలెనను కోరికతో సిటీ బస్సు ఎక్కితిని. కండక్టరు వరుసగా నిలుపుదలల పేర్లు కేకవేయుచు, "సింధియా! సింధియా వాళ్ళు దిగండి!" అనెను. మాది మహారాష్ట్రమునందలి షోలాపురము. సింధియా యనగా మాకు గ్వాలియరు మహారాజుల యింటిపేరు. మరాఠా సర్దారుల పేరు తెలుగు సముద్రతీరమునకు ఎట్లు వచ్చినదా యని ఆశ్చర్యపడి, ప్రక్కన కూర్చున్న పెద్దమనిషి నడిగితిని. "ఏమోనండీ, మా తాతల నాటినుంచీ అది సింధియాయేనండి. మీదే ఊరండీ?" అని ఆయన నన్ను తిరిగి అడిగిరి. షోలాపురమని చెప్పితిని. అంతటితో మా సంభాషణము ముగిసినది.

ఆ పేరును విశాఖకు తెచ్చినవారు మా షోలాపురమువారే యని ఆనాడు ఆయనకు తెలియదు, నాకును తెలియదు. పదవీవిరమణానంతరము హీరాచంద్ నేమ్‌చంద్ వాచనాలయమున మరాఠీ గ్రంథములు తిరుగవేయుచుండగా ఆ సంగతి బయటపడినది. ఆ వాచనాలయము ఏ హీరాచంద్ పేరిట వెలసినదో ఆయన కుమారుడే ఈ వ్యాసమునకు నాయకుడు. చిన్ననాటినుండి ఆ భవనము ముందు నడచుచున్న నాకు అఱువది యేండ్లు నిండినపిదప గాని ఈ సంబంధము తోచకపోవుట నా లోపమే. మన సంఘ సభ్యులలో ఇంకను కొందఱు నావంటివారు ఉందురను ధైర్యముతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

వాల్‌చంద్ హీరాచంద్ దోషీ గారు 1882 నవంబరు 23వ తేదీన షోలాపురమున జన్మించిరి. వారిది దిగంబర జైన కుటుంబము. పూర్వులు గుజరాతు దేశమునుండి వర్తకార్థమై దక్షిణమునకు వచ్చి స్థిరపడినవారు. ఇంట గుజరాతీ, వీథిలో మరాఠీ. మన పద్మశాలి కుటుంబములు నిజాము రాజ్యములోని తెలంగాణమునుండి బ్రతుకుతెరువునకై ఇదే ఊరు చేరి, ఇంట తెలుగు, వీథిలో మరాఠీ మాటలాడినట్లే. షోలాపురము పరదేశులను తనవారినిగా చేసికొనిన ఊరు. కావున ఆయనను "మా ఊరివాడు" అనుటకు నాకు సంకోచము లేదు.

పసితనముననే తల్లి గతించెను. తండ్రి హీరాచంద్ నేమ్‌చంద్ గారు వడ్డీవ్యాపారము, ప్రత్తి వ్యాపారము చేయుచు, విద్యాభిమానియై, జైనులలో సంఘసంస్కరణమునకు పాటుపడినవారు. వాల్‌చంద్ గారు షోలాపురముననే మెట్రిక్యులేషను ముగించి, బొంబాయి, పూనా కాలేజీలలో కొంతకాలము చదివి, పట్టము పుచ్చుకొనకయే వెనుకకు వచ్చిరి. కుటుంబ వ్యాపారమున కూర్చుండబెట్టిరి కాని, ఆ గద్దెమీద వారి మనస్సు నిలువలేదు. వడ్డీ లెక్కలు వ్రాసికొనుచు ఋణస్థుని రాకకై ఎదురుచూచుట అందఱికి సరిపడు వృత్తి కాదు.

ఇచ్చట ఒక గుమాస్తా ప్రవేశించుచున్నాడు. లక్ష్మణరావు బలవంత్ ఫాటక్ గారు రైల్వేలో గుమాస్తాగా పనిచేసి, ఆ ఉద్యోగము మాని కంట్రాక్టు పనులకు దిగినవారు. ఆయనకు పని తెలియును, పెట్టుబడి లేదు. వాల్‌చంద్ గారికి పెట్టుబడి కలదు, పని తెలియదు. ఇరువురును కలిసి ఫాటక్ - వాల్‌చంద్ అను పేరిట భాగస్థులైరి. 1903 ప్రాంతమున బార్సీ లైట్ రైల్వేవారి చిన్నపట్టాల మార్గమున ఏడ్షీ - తడవళే గ్రామముల నడుమ ఏడుమైళ్ళ పని వారికి దొరకెను. వాల్‌చంద్ గారి కీర్తిని చెప్పువారు ఓడలతో, విమానములతో ప్రారంభింతురు. ఆ యేడుమైళ్ళ మట్టికట్టయే అన్నిటికి పునాది. దానిని సంపాదించిపెట్టిన మెలకువ ఒక మాజీ గుమాస్తాది. గుమాస్తాగా జీవితము గడపిన నేను ఈ మాటను కొంచెము గట్టిగానే చెప్పుచున్నానని పాఠకులు గ్రహింతురు గాక.

అటుపిమ్మట రైల్వే పనులు, మొదటి ప్రపంచయుద్ధకాలమున సైనికశాఖవారి పనులు వరుసగా లభించెను. యుద్ధానంతరము టాటావారితో కలిసి టాటా కన్‌స్ట్రక్షన్ కంపెనీ నడపిరి. తాన్సా సరస్సునుండి బొంబాయికి మంచినీటి గొట్టములు వేసిన పని, బోరుఘాటున రైలు సొరంగములు త్రవ్వించిన పని ఈ కాలమునకు చెందినవి. షోలాపురమునుండి బొంబాయికి రైలులో పోవు మనవారందఱు, కర్జత్ - లోనావళాల నడుమ బండి చీకటిలోనికి దూఱి వెలుతురులోనికి వచ్చునపుడెల్ల, తెలియకయే ఆయన పని నడుమనుండి పోవుచున్నారు. 1926లో హిందూస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ వెలసినది. 2009లో ప్రారంభమైన బాంద్రా - వర్లీ సముద్ర వంతెనను కట్టినది ఈ కంపెనీయే.

కంట్రాక్టరుగానే నిలిచియుండినచో ఆయన సుఖముగా ధనవంతుడై కాలము చేసియుండును. ఆయన జీవితమును చరిత్రలోనికి ఎక్కించినది ఓడ.

గ్వాలియరు మహారాజు మాధవరావు సింధియా గారు ప్రపంచయుద్ధకాలమున ఒక పెద్ద పొగయోడను కొని, క్షతగాత్రులైన సైనికులకు ఆసుపత్రిగా ఏర్పాటు చేసి, దానికి "లాయల్టీ" అని పేరిడిరి. అనగా రాజభక్తి. అది అంతకుముందు కెనడావారి పసిఫిక్ మహాసముద్రపు ఓడ. 1891నుండి నీటిమీద నున్నది. యుద్ధము ముగియగా దానిని అమ్మజూపిరి. ఆ సంగతి వాల్‌చంద్ గారి చెవినబడినది. నరోత్తమ్ మొరార్జీ, కిలాచంద్ దేవ్‌చంద్, లల్లూభాయి సామల్‌దాస్ మున్నగు వర్తకులను కూడగట్టి, 1919 మార్చి నెలలో సింధియా స్టీం నావిగేషన్ కంపెనీని స్థాపించిరి. ఓడను అమ్మిన మహారాజు ఇంటిపేరే కంపెనీకి పేరైనది. విశాఖ బస్సులోని కేకకు మూలమిదియే.

ఆ భాగస్థులలో నరోత్తమ్ మొరార్జీ గారి పేరు విన్నంతనే మా ఊరి వృద్ధుల కనుబొమలు లేచును. ఆయన తండ్రి మొరార్జీ గోకుల్‌దాస్ గారు 1870ల దశకమున షోలాపురమున నూలుమిల్లు స్థాపించినవారు. మనవారు తరతరములు పనిచేసిన ఆ "జునీ మిల్లు", అనగా పాత మిల్లు, అదియే. కావున ఆ ఓడల కంపెనీకి షోలాపురముతో సంబంధము ఒక్క వాల్‌చంద్ గారి జన్మతో తీరలేదు.

1919 ఏప్రిలు 5వ తేదీన లాయల్టీ ఓడ బొంబాయినుండి లండనునకు బయలుదేరినది. భారతీయుల కంపెనీకి చెందిన పెద్దయోడ ఇంగ్లాండునకు ప్రయాణము కట్టుట ఒక గొప్ప సంఘటనముగా దేశము భావించినది. 1964నుండి ఆ తేదీని జాతీయ నావికాదినముగా జరుపుచున్నారు. కాని ఆ ఓడ కథ శుభాంతము కాదు. ముసలి ఓడ. 1921లోనే దానిని కట్టివేసి, 1923లో తునుకలుగా అమ్మివేసిరి. పండుగ మిగిలినది, ఓడ మిగులలేదు.

అసలు యుద్ధము తీరపు వర్తకమున జరిగినది. అప్పటికి మన సముద్రతీర రవాణా అంతయు బ్రిటిష్ ఇండియా స్టీం నావిగేషన్ కంపెనీ చేతిలో నుండెను. దాని అధిపతి లార్డ్ ఇంచ్‌కేప్. ఆయన ఎదుట నిలిచిన భారతీయ కంపెనీలు ఒకదాని వెంట నొకటి మునిగెను. 1906లో తూత్తుకుడిలో వి.ఓ. చిదంబరం పిళ్ళ గారు స్థాపించిన స్వదేశీ ఓడల కంపెనీ గతి తమిళనాటి మన సోదరులకు తెలిసినదే. ఆయన 1908లో చెఱసాలకు పోయిరి, కంపెనీ కొలదికాలమునకే మూతపడెను.

తెల్లదొరల కంపెనీలు పోటీదారుని చంపుటకు వాడిన ఆయుధములు రెండు. మొదటిది కిరాయి తగ్గింపు. క్రొత్త ఓడ రేవునకు వచ్చిన దినమున తమ కిరాయిని నష్టమునకైనను దించి, అది పోయినపిదప హెచ్చింతురు. రెండవది వాయిదా రిబేటు. ఇది వినుటకు ఉపకారమువలె నుండును. వర్తకుడు చెల్లించిన కిరాయిలో కొంతభాగమును తిరిగి ఇత్తుమని చెప్పుదురు. వెంటనే ఈయరు. కొన్ని నెలలు తమవద్దనే ఉంచుకొందురు. ఆ నడుమ ఆ వర్తకుడు మఱియొకరి ఓడలో ఒక్క బస్తా పంపినను, అంతవఱకు కూడిన సొమ్మంతయు గంగలో కలిసినట్లే. ఊరి షావుకారు పాత బాకీతో రైతును కట్టివేసికొన్నట్లు, ఈ కంపెనీ తనకు రావలసిన బాకీతో గాక తాను ఈయవలసిన బాకీతో వర్తకుని కట్టివేసికొనెను. నలువదియేండ్లు చిట్టాలు వ్రాసినవాడను, ఇంత తెలివైన పద్దును నేనెన్నడును వ్రాయలేదు.

ఇంచ్‌కేప్ గారు ఒక దశలో సింధియా కంపెనీనే కొనివేయుదుమనిరి. వాల్‌చంద్ గారు ససేమిరా అనిరి. తుదకు 1923లో ఒక ఒడంబడిక జరిగినది. పదియేండ్లవఱకు సింధియావారు ఇన్ని ఓడలకు మించి నడుపరాదు, ఇన్ని మార్గములు దాటరాదు అని అందు కట్టుబాట్లుండెను. ఇది ఓటమియే. దీనిని ఓటమి కాదని వ్రాయువారు కలరు కాని నాకు వారి వాదము సమ్మతము కాదు. అయితే చచ్చి గెలుచుటకంటె బ్రతికి ఓడుట మేలని ఆ కంపెనీ ఎంచినట్లు తోచును. మునుపటివానివలె మునుగక అది నిలిచినది. తీరపు వర్తకమును భారతీయ ఓడలకే ప్రత్యేకింపవలెనని ఎస్.ఎన్. హాజీ గారు 1928లో కేంద్ర శాసనసభయందు బిల్లు తెచ్చిరి. అది శాసనము కాలేదు. 1929లో నరోత్తమ్ మొరార్జీ గారు మోటారు ప్రమాదమున మరణింపగా వాల్‌చంద్ గారు అధ్యక్షులైరి. 1950వఱకు ఆ పీఠమున నుండిరి.

1933లో విశాఖపట్టణపు క్రొత్త నౌకాశ్రయము సిద్ధమైనది. ఆ సంవత్సరము అక్టోబరు 7వ తేదీన, వైస్రాయి విల్లింగ్‌డన్ ప్రారంభోత్సవమునకు రెండు నెలల ముందుగానే, ఆ రేవులోనికి ప్రవేశించిన మొదటి ఓడ "జలదుర్గ". అది సింధియా కంపెనీ ఓడ. డాల్ఫిన్స్ నోస్ కొండ ప్రక్కగా ఆ ఓడ లోపలికి వచ్చినపుడు, ఎనిమిదేండ్లలో ఆ రేవు ఒడ్డుననే అదే కంపెనీ ఓడలు కట్టుటకు శంకుస్థాపనము చేయునని ఎవరు తలచియుందురు?

ఆయన రాజకీయమును గూర్చి ఒక మాట చెప్పవలెను. 1932-33లో భారతీయ వాణిజ్య పరిశ్రమల సంఘముల సమాఖ్యకు అధ్యక్షులై, తెల్లవారి వర్తకాధిపత్యమును బాహాటముగా నిరసించినవారు. కాని సామ్యవాదమన్నను అంత నిరసనయే. 1936లో పండిత జవహర్‌లాల్ నెహ్రూ గారు కాంగ్రెసు అధ్యక్షపీఠమునుండి సామ్యవాదము బోధింపగా, బొంబాయి వర్తకులు ఇరువదియొక్కరు దానిని ఖండించుచు ప్రకటన వెలువరించిరి. సంతకము చేసినవారిలో వాల్‌చంద్ గారొకరు. ఘనశ్యామదాస్ బిర్లా గారు ఆయనకు లేఖ వ్రాసి, ఈ పని తగదని మందలించిరి. నెహ్రూ గారిని దూరము చేసికొనరాదన్నది బిర్లా గారి లౌక్యము. వాల్‌చంద్ గారికి ఆ లౌక్యము తక్కువ. నోటికి వచ్చినది అనివేయుట ఆయన గుణమో దోషమో చెప్పజాలను గాని, దానివలన ఆయనకు శత్రువులు రెండు పక్షములందును ఏర్పడిరి.

1939లో మోటారు పరిశ్రమను గూర్చి అమెరికా పోయి తిరిగివచ్చుచుండగా, పసిఫిక్ మహాసముద్రముపై విమానమున విలియం పాలే అను అమెరికా విమానవ్యాపారి పరిచయమయ్యెను. చైనాకు విమానములు సమకూర్చుచున్నవాడు. ఓడలు కొనబోయిన బుద్ధియే ఇచ్చటను పనిచేసినది. బొంబాయి చేరులోపలనే విమాన కర్మాగారపు ఊహ తలలో రూపు కట్టినది. మైసూరు దివాను సర్ మీర్జా ఇస్మాయిల్ గారు ముందుకు వచ్చి, బెంగుళూరువద్ద 700 ఎకరముల భూమిని, 25 లక్షల రూపాయల వాటాధనమును సంస్థానము పక్షమున ఇచ్చిరి. 1940 డిసెంబరు 23వ తేదీన హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ రిజిస్టరైనది. 1941లోనే మొదటి శిక్షణవిమానము ఎగిరినది.

అంతలో జపానువారు యుద్ధమున దిగిరి. ఇటువంటి కర్మాగారము ఒక భారతీయుని చేతిలో నుండుట ప్రభుత్వమునకు రుచింపలేదు. అంతకుముందే వాటాలు తీసికొనిన భారత ప్రభుత్వము 1942 ఏప్రిలులో వాల్‌చంద్ గారి వాటాలు కొని, యాజమాన్యమును తనవశము చేసికొన్నది. 1964లో ఆ సంస్థయే ఇతర సంస్థలతో కలిసి హిందూస్థాన్ ఏరోనాటిక్స్ అయినది. బెంగుళూరులో స్థిరపడిన తెలుగువారిలో ఆ కర్మాగారపు జీతముతో పిల్లలను చదివించుకొన్న కుటుంబములు ఎన్నియో కలవు.

ఇక విశాఖ. ఓడలు నడుపుట ఒకటి, ఓడలు కట్టుట వేఱొకటి. తెలుగుతీరమునకు ఓడలు కట్టుట క్రొత్త విద్య కాదు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములమీదనే తెఱచాపల ఓడ కలదు. యానాము సోదరులకు దాపుననున్న కోరంగి ఓడల మరమ్మతులకు, నిర్మాణమునకు పేరుపొందిన రేవు. 1839 నవంబరు తుఫానులో ఉప్పెన ఆ రేవును ముంచివేసినది. తరువాత పొగయోడలు వచ్చినవి, ఇనుప ఓడలు వచ్చినవి, మన కొయ్యపని వడ్రంగులు చేపల పడవలకు దిగిరి. ఆ తెగిన దారమును మరల ముడివేసినది షోలాపురపు వర్తకుడు.

ఆయన మొదట చూచినది కలకత్తా. అచ్చటి రేవువారితో పొసగలేదు. విశాఖయందు లోతైన నీరు, కొండల చాటు, వెనుక రైలుమార్గము కలవు. 1940లో స్థలము తీసికొని, 1941 జూను 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాద్ గారిచే శంకుస్థాపనము చేయించిరి. యుద్ధకాలమున ప్రభుత్వోద్యోగులను విడిచి కాంగ్రెసు నాయకుని పిలుచుటలోనే ఆయన మొండితనము తెలియుచున్నది. ఆ ప్రాంతమునకు గాంధీగ్రామమని పేరు. నౌకాకర్మాగారపు చిరునామాలో ఈనాటికిని ఆ పేరే కలదు.

ప్రభుత్వము అడ్డుపెట్టలేదు, సాయపడను లేదు. యుద్ధమునకు వెంటనే పనికిరాని పరిశ్రమయని ఉపేక్షించినది. 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపై బాంబులు వేసినవి. పట్టణము సగము ఖాళీ అయినది. కూలీలు ఊళ్ళకు పోయిరి. యంత్రములను విప్పి బొంబాయికి తరలించిరి. ఆ ఒక్క నెలలో, బెంగుళూరున విమానములు చేయిజాఱెను, విశాఖయందు ఓడలపని ఆగిపోయెను. ఆయనకు అప్పటికి అఱువదియేండ్లు నిండవచ్చుచున్నవి. మాబోంట్లము ఆ వయస్సున పింఛను లెక్క చూచుకొందుము.

యుద్ధము ముగియగనే పని మరల మొదలయ్యెను. 1948 మార్చి 14వ తేదీన, స్వతంత్ర భారతమున, ఎనిమిదివేల టన్నుల "జల ఉష" విశాఖ నీటిలోనికి జాఱినది. దానిని జలప్రవేశము చేయించినవారు ప్రధానమంత్రి నెహ్రూ గారు. పండ్రెండేండ్ల క్రిందట ఎవరి సామ్యవాదమును ఖండించుచు సంతకము చేసిరో, ఆ నెహ్రూ గారే వచ్చి ఆయన ఓడను నీట విడిచిరి. ఆ వేదికమీద ఇరువురి మనస్సులలో ఏమి మెదలినదో!

ఓడకట్టుట వ్యయమైన పని. విదేశమున చౌకగా దొరకు ఓడను ఇచ్చట హెచ్చుధరకు కట్టవలెను, ఆ వ్యత్యాసమును ప్రభుత్వము భరింపవలెను. కంపెనీ ఒంటరిగా మోయలేకపోయినది. 1952 జనవరిలో హిందూస్థాన్ షిప్‌యార్డు ఏర్పడి, మూడింట రెండుపాళ్ళు ప్రభుత్వపరమయ్యెను. 1961లో తక్కిన పాలును చేరినది. 2010లో రక్షణ మంత్రిత్వశాఖ క్రిందికి పోయినది. సింధియా కంపెనీ పరమైనది ఏదియు అచ్చట మిగులలేదు, బస్సు నిలుపుదల పేరు తప్ప.

మోటారు పరిశ్రమ కథ మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారితో ముడిపడినది. ఆయన పథకమును చేతబట్టుకొని వాల్‌చంద్ గారు ఏండ్లతరబడి తిరిగిరి. తుదకు 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ స్థాపించి, అమెరికాలోని క్రైస్లర్ కంపెనీ సహాయమున బొంబాయి కుర్లాయందు 1947లో బండ్లు వెలువరించిరి. ఆయన అనంతరము ఇటలీవారి ఫియట్ కారు ఇచ్చటనే తయారై, "పద్మిని" యను పేరుతో బొంబాయి టాక్సీగా నిలిచినది. 2023 అక్టోబరుతో ఆ టాక్సీలు వీథులనుండి తప్పుకొన్నవి.

చక్కెర సంగతి సంగ్రహముగా చెప్పెదను. నాసిక్ జిల్లాలో రావల్‌గావ్, పూనా జిల్లా ఇందాపూరు తాలూకాలో వాల్‌చంద్‌నగర్, ఈ రెండును బీడునేలలో చెఱకు పండించి వెలయించిన ఊళ్ళు. రావల్‌గావ్ బిళ్ళలు చప్పరింపని పిల్లవాడు మా చిన్నతనమున షోలాపురమున లేడు. ఆ బిళ్ళల పేరును 2024లో రిలయన్స్‌వారు 27 కోట్లకు కొనిరి. వాల్‌చంద్‌నగర్ కర్మాగారము చక్కెర యంత్రములనుండి పైకి పోయి, శ్రీహరికోటనుండి ఎగురు రాకెట్టుల తొడుగులు చేయు స్థితికి వచ్చినది.

ఇంతవఱకు వ్రాసి కలము నిలిపి, కొన్నిదినములు ఈ కాగితములు ప్రక్కన బెట్టితిని. కారణము చెప్పవలెను. నేను మొదట ఒక నూలుమిల్లు ఆఫీసున గుమాస్తాగా చేరినవాడను. దాని పేరు ఇచ్చట అనవసరము. ఇరువదియేండ్ల తరువాత ఒక శనివారము సాయంకాలము గేటుకు తాళము పడినది. సోమవారము మేము పోయి గేటు ముందు నిలుచుంటిమి. కార్మికుల లెక్కలన్నియు నా చేతివ్రాతలోనే ఉన్నవి. ఎవరికి ఎంత రావలెనో పైసాతో సహా నాకు తెలియును. అందులో చాలామందికి రాలేదు. మగ్గముమీద పనిచేసిన మా పినతండ్రి తన బాకీ చూడకయే కన్నుమూసెను. అప్పటినుండి పెట్టుబడిదారుని పొగడుట నా నాలుకకు అలవాటు తప్పినది. తరువాత ఒక సహకార సంఘమున పనిచేసి పదవీవిరమణ చేసితిని.

అటువంటి నేను ఈ కోటీశ్వరుని చరిత్ర ఎందుకు వ్రాయుచున్నానని మా ఆవిడయే అడిగినది. ఆయన సన్యాసి కాడు. యుద్ధకాలమున సైనికశాఖ కంట్రాక్టులతో ధనము కూర్చినవాడే. స్వదేశీ పేరుతో ప్రభుత్వసహాయము కోరి, లాభము తన కంపెనీకి రావలెనని చూచినవాడే. ఆ సొరంగములు త్రవ్వినవారి పేర్లు ఏ ఫలకముమీదను లేవు. బొంబాయి నిర్మాణమున తెలంగాణపు కామాఠీలు రాళ్ళు మోసిరనుటకు కామాఠీపుర మను పేటపేరు సాక్ష్యము, వారి పేర్లకు సాక్ష్యము లేదు. ఇదంతయు ఆమెతో ఒప్పుకొంటిని. కాని నేను చూచిన యజమానులు ఉన్నదానిని పిండుకొని తాళము వేసినవారు. ఈయన లేనిదానిని కట్టబోయి, మూడుసార్లు చేజార్చుకొని, నాలుగవసారి మరల మొదలుపెట్టినవాడు. ఈ రెంటికి భేదము కలదని నా లెక్క. లెక్క తప్పైనచో పెద్దలు దిద్దుదురు గాక.

1949లో వాల్‌చంద్ గారికి పక్షవాతము వచ్చినది. మఱుసటియేడు పదవులనుండి తప్పుకొనిరి. భార్య కస్తూర్‌బాయి గారు దగ్గఱనుండి పరిచర్య చేసిరి. 1953 ఏప్రిలు 8వ తేదీన గుజరాతులోని సిద్ధపురమున దేహము చాలించిరి. సోదరులును వారి సంతతియు వ్యాపారములు పంచుకొనిరి. సింధియా ఓడల కంపెనీ 1980 తరువాత నష్టములలో కూరుకొని క్రమముగా అణగిపోయినది. సాంగ్లీ, షోలాపురములందలి ఇంజనీరింగు కాలేజీలు ఆయన పేరు మోయుచున్నవి. మా పద్మశాలి పిల్లలు అనేకులు షోలాపురపు కాలేజీనుండి బయటికి వచ్చి హైదరాబాదున, పూనాలో ఉద్యోగములు చేయుచున్నారు.

ఒక విన్నపము. విశాఖ నౌకాకర్మాగారము మొదలైన దినములలో పనికై షోలాపురమునుండిగాని, ఒరిస్సా సరిహద్దు తెలుగు గ్రామములనుండిగాని, యానామునుండిగాని పోయిన కార్మికులు మీ వంశములలో నున్నచో, వారి పేర్లు, చేసిన పని, ఉన్న సంవత్సరములు ఒక కార్డుమీద వ్రాసి సంఘ కార్యాలయమునకు పంపవలెనని ప్రార్థించుచున్నాను. చేతివ్రాత ఎట్లున్నను ఫరవాలేదు, చదువుట నా వంతు. వచ్చినవి వచ్చినట్లు చిట్టా కట్టి వచ్చు సంచికలో ప్రకటింతును.